ఐవీఎఫ్ ఆపి దత్తతకు వెళ్తే దేవుడి మీద నమ్మకం పోయినట్టా?

మీ ప్రశ్నలో ఉన్నది ఇది. మీకు 37 ఏళ్లు, మీవారికి 41. మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నారు, నిలవలేదు. డాక్టరు ఇంకోసారి చూద్దామంటున్నారు. మీకు ఒంట్లో ఓపిక లేదు, మనసులో అసలే లేదు. దత్తత మాట ఎత్తితే మీ అత్తగారు "ఇన్నేళ్లు మొక్కిన దేవుడి మీద నమ్మకం పోయిందా?" అన్నారు. ఆ మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. ముందు ఫోస్టర్ కేర్‌లో, అంటే కొంతకాలం పెంచే ఏర్పాటు కింద, ఒక బిడ్డను తెచ్చుకుని, అలవాటయ్యాక దత్తత చేసుకోవచ్చా అని కూడా అడిగారు.

మేము మల్కాజిగిరిలో ఉంటాం. మా అమ్మాయి నడక నేర్చుకునే వయసులో దత్తత ద్వారా మా ఇంటికి వచ్చింది, ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. తర్వాత ఒక బాబు ఫోస్టర్ కేర్‌లో మా దగ్గర పెరిగి, తన తల్లి దగ్గరికి తిరిగి వెళ్లాడు. అందుకే మీ రెండు ప్రశ్నలకూ నా దగ్గర చెప్పాల్సింది ఉంది.

ముందు నమ్మకం సంగతి. మొక్కుకునేటప్పుడు మనం బిడ్డ కావాలని అడుగుతాం. ఆ బిడ్డ ఏ దారిన రావాలో దేవుడికి మనం చెప్పం. విష్ణుచిత్తుడికి గోదాదేవి తులసివనంలో దొరికింది. జనక మహారాజుకు సీతమ్మ నాగేటిచాలులో దొరికింది. కృష్ణుడి అల్లరి అంతా యశోద ఇంట్లోనే. ధనుర్మాసం నెలంతా పాశురాలు చదివి, భోగి రోజున గోదా కల్యాణం కళ్లారా చూసి వచ్చిన మనిషి "ఎవరి రక్తమో ఏమిటో" అంటే నాకు బాధగా ఉంటుంది. మీ అత్తగారితో వాదించకండి, ఆవిడకు కూడా ఇది దుఃఖమే. కానీ మీ మనసుకు మీరు చెప్పుకోండి: దత్తతకు వెళ్లడం ప్రార్థన మానేయడం కాదు.

ఇప్పుడు దీనికన్నా ముఖ్యమైన మాట. మీకు ధైర్యం ఇచ్చే ఈ కథలన్నీ మీ కోసం ఉంచుకోండి. బిడ్డ నెత్తిన పెట్టకండి. "దేవుడు మా మొర ఆలకించి నిన్ను మాకోసం పంపాడు" అని మనం ముద్దుగా అంటాం. ఆరేడేళ్లు వచ్చాక ఆ పిల్ల ఆలోచిస్తుంది: మీకోసం నన్ను పంపడానికి మా అమ్మ దగ్గరి నుంచి నన్ను తీసేసింది దేవుడేనా? ఈ ప్రశ్న నేను ఒక్క ఇంట్లో కాదు, చాలా ఇళ్లలో విన్నాను. మన దగ్గరికి వచ్చే ప్రతి బిడ్డా అప్పటికే ఒక తల్లిని పోగొట్టుకుని వస్తుంది. మనకు పండగైన రోజు వెనక ఆ తల్లికీ బిడ్డకూ ఒక నష్టం ఉంది. భక్తి ఉన్న ఇళ్లలో ఈ విషయం ఎక్కువగా మరుగున పడిపోతుంది, ఎందుకంటే అంతా దైవసంకల్పం అనేసుకుంటాం. మీ పూజగదిలో రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ కన్నతల్లి క్షేమం కోసం కూడా దణ్ణం పెట్టుకోండి. మేం అలాగే చేస్తాం, మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచి తనూ చేస్తుంది. తల్లిని తలచుకోవడం ఆ ఇంట్లో తప్పు కాదని పిల్లకు దానితోనే అర్థమవుతుంది.

అలాగే "ఎంత పుణ్యం చేసుకున్నారో, ఒక అనాథకు బతుకు ఇచ్చారు" అనే బంధువులు ఉంటారు. మంచి మనసుతోనే అంటారు. పిల్ల వింటుండగా అంటే మాత్రం అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, "మా అమ్మాయండీ, పుణ్యం లెక్క ఏమీ లేదు" అని చెప్పండి. జీవితాంతం కృతజ్ఞతగా ఉండాలనే బరువు ఏ బిడ్డకూ వద్దు.

ఇక మీ దుఃఖం. సీమంతాల పిలుపు వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవడం, పేరంటంలో పిల్లల తల్లులకు ముందు తాంబూలం ఇచ్చి మీ దగ్గరికి వచ్చేసరికి ఆ చేయి కాస్త తటపటాయించడం, ఇవన్నీ మీరు రాయకపోయినా నాకు తెలుసు. కడుపులో నిలవని ఆ మూడుసార్లూ మీకు మూడు చావులే. వాటికి కర్మకాండ లేదు, పరామర్శించడానికి ఎవరూ రాలేదు. ఆ ఏడుపు ఏడవకుండా దత్తతకు వెళ్తే, వచ్చిన బిడ్డలో పుట్టని బిడ్డను వెతుక్కుంటారు. మీవారితో కూడా మాట్లాడండి. మగవాళ్లు ఆస్పత్రి బిల్లుల గురించి మాట్లాడినంత తేలిగ్గా దీని గురించి మాట్లాడరు. అవసరమైతే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. నాలుగో ఐవీఎఫ్ చేయించుకోవాలా వద్దా అన్నదాని మీద, హోమ్ స్టడీకి (దత్తతకు ముందు మీ ఇంటికి వచ్చి చేసే పరిశీలనకు) ముందే ఇద్దరూ ఒక మాట మీదికి రండి, ఎందుకంటే ఇంటికి వచ్చే సోషల్ వర్కర్ మిమ్మల్ని తప్పకుండా అడిగేది అదే.

అలాగని రిజిస్ట్రేషన్ వాయిదా వేయమని అనను. కారణం లెక్క. కారా, అంటే కేంద్ర ప్రభుత్వం కింద పనిచేసే దత్తత సంస్థ, దంపతుల వయసులు కలిపి చూస్తుంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100, ఆపైన పద్దెనిమిది లోపు 110. మీది ఇప్పుడు 78. ఒక ఏడాది గడిస్తే ఈ మొత్తం రెండేళ్లు పెరుగుతుంది. లెక్కకు తీసుకునేది రిజిస్టర్ చేసుకున్న రోజు వయసు. క్యూలో మీ స్థానం కూడా ఆ తేదీ నుంచే మొదలవుతుంది. చిన్న, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కోసం ఎదురుచూపు మూడేళ్లు దాటుతోంది. 2024–25లో దేశం మొత్తం మీద కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. ఎదురుచూస్తున్న దంపతులు దానికి ఎన్నో రెట్లు. ఐదారేళ్లు దాటిన పిల్లలకు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కలిసి ఉన్నవారికి, ఆరోగ్య సమస్య ఉన్నవారికి మాత్రం తల్లిదండ్రులే దొరకడం లేదు. మీకు నెలల బిడ్డే కావాలా అన్నది ఒకసారి మనస్ఫూర్తిగా ఆలోచించుకోండి. త్యాగం అనుకుని పెద్ద పిల్లను అడగొద్దు. స్కూలుకు వెళ్లే పిల్లతో మీ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుని, ఇష్టం కలిగితేనే అడగండి.

పిల్లలు పుట్టరని సర్టిఫికెట్ ఏమీ అవసరం లేదు. పిల్లలున్నవాళ్లు కూడా దత్తత చేసుకోవచ్చు. పెళ్లై కనీసం రెండేళ్లు కలిసి ఉండాలి, ఇద్దరి ఒప్పుకోలూ కావాలి. కారా వెబ్‌సైట్‌లో మీరే నేరుగా నమోదు చేసుకోవచ్చు, మధ్యవర్తి అక్కర్లేదు. మీరు కూకట్‌పల్లిలో ఉంటున్నామన్నారు. అది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తుంది కాబట్టి సందేహాలుంటే ఆ జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడగాలి, హైదరాబాద్ జిల్లా వాళ్లను కాదు. యూసుఫ్‌గూడ దగ్గరి ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రం శిశు విహార్ పేరు అందరూ చెబుతారు, అక్కడికి నేరుగా వెళ్లి బిడ్డను చూసి ఎంచుకోవచ్చని అనుకుంటారు. అలా కుదరదు. పిల్లల వివరాలు వరుస ప్రకారం కారా వెబ్‌సైట్‌లోనే వస్తాయి.

హోమ్ స్టడీ అంటే అందరికీ టెన్షన్. ఇల్లు పెద్దదా చిన్నదా అన్నది వాళ్లు పెద్దగా పట్టించుకోరు. మీ ఇద్దరి మధ్య మాట ఎలా ఉంది, కోపం వస్తే ఏం చేస్తారు, అప్పులేమైనా ఉన్నాయా, ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టమేనా, ఇవి చూస్తారు. అత్తగారికి ఇంకా మనసు కుదరలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సోషల్ వర్కర్ ఆవిడతో మాట్లాడతారు, అది మీకే మంచిది.

బిడ్డ వివరాలు వచ్చాక ఒప్పుకుంటున్నామని చెప్పడానికి 48 గంటలే సమయం ఉంటుంది. ఫొటో, ఆరోగ్య నివేదిక, బిడ్డ గురించిన నివేదిక పంపుతారు. మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి, ఆ రోజు ఫోన్ చేస్తే చూసి చెప్పేలా. బరువు, తల చుట్టుకొలత, రక్తపరీక్షల ఫలితాలు ఆయనకు అర్థమైనట్టు మనకు అర్థం కావు. ఒప్పుకున్నాక బిడ్డ ఉంటున్న సంస్థకు వెళ్లి బిడ్డను కలుస్తారు. ఆ తర్వాత బిడ్డ మీ ఇంటికి వస్తుంది. మా కాలంలో చివరి ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబర్ 1 నుంచి జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. ఆ ఉత్తర్వు మీద మీ పేర్లతో బర్త్ సర్టిఫికెట్ వస్తుంది. తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి వచ్చి చూసి వెళ్తారు.

కలెక్టర్ ఉత్తర్వు రాకముందు బిడ్డ మీ ఇంట్లో ఉండే కాలాన్ని కూడా "ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్" అనే అంటారు. మీ గందరగోళం ఇక్కడే మొదలైందని నా అనుమానం. మీరు అడిగిన ఫోస్టర్ కేర్ వేరు. కన్నవాళ్లు ఉండి కూడా జబ్బు వల్లో, జైలు వల్లో, మరో కారణంతోనో చూసుకోలేని పిల్లలు, హోముల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన ఆరేళ్లు పైబడిన పిల్లలు దీని కిందికి వస్తారు. బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద ఆ బిడ్డ మీ ఇంట్లో ఉంటాడు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద బిడ్డ ఖర్చులకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. సమితి ఎప్పటికప్పుడు పరిస్థితి చూస్తుంది. సొంత కుటుంబం నిలదొక్కుకుంటే బిడ్డ అక్కడికి వెళ్లిపోతాడు. వెళ్లిపోవాలి కూడా. ఆ పని సఫలమైందని చెప్పేది అదే.

2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక బిడ్డ అదే ఇంట్లో రెండేళ్లు పెరిగితే, చట్టప్రకారం దత్తతకు అర్హత ఉంటే, ఆ కుటుంబమే దత్తత కోరవచ్చు. అంతకుముందు ఇది ఐదేళ్లు. ఈ మార్పు మంచిదే. కానీ దాన్ని దగ్గరి దారి అనుకుని ఫోస్టర్ కేర్‌లోకి రావద్దని గట్టిగా చెబుతున్నాను. తల్లి కోలుకుంటోందని కబురు వచ్చినప్పుడు మీకు లోపల భయం పుడితే, ఆ భయం బిడ్డకు తెలిసిపోతుంది. మా ఇంట్లో పెరిగిన బాబు క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చాడు. మేం వైష్ణవులం. వాడిని ఆదివారాలు చర్చికి తీసుకెళ్లేదాన్ని, వాడు ప్రార్థన చేస్తుంటే వెనక బెంచీలో కూర్చునేదాన్ని. రాత్రి పడుకునే ముందు వాడు వాళ్లమ్మ కోసం దేవుడిని అడిగేవాడు, నేను పక్కన కూర్చుని ఆమెన్ అనేదాన్ని. వాడు తిరిగి వెళ్లినప్పుడు ఏడ్చాను. ఆ తల్లి చేతుల్లో వాడు ఎలా ఒదిగిపోయాడో చూశాక దేవుడు విన్న ప్రార్థన వాడిదే అని నాకు అనిపించింది. మూడు నష్టాలు తాజాగా ఉన్న మీరు ఇప్పుడే ఇలాంటి ఇంకో ఎడబాటుకు సిద్ధపడాల్సిన అవసరం లేదు. ముందు దత్తత. ఆ బిడ్డ స్థిమితపడ్డాక, మీకు అప్పటికీ ఆ పిలుపు లోపల వినిపిస్తుంటే అప్పుడు ఫోస్టర్ కేర్.

ఒక హెచ్చరిక. "ఫలానా ఆస్పత్రిలో పెళ్లికాని అమ్మాయికి బిడ్డ పుట్టింది, ఇంత ఇస్తే నేరుగా ఇస్తారు" అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఫెర్టిలిటీ సెంటర్ల చుట్టూ తిరిగే ఆడవాళ్లను వెతుక్కుని మరీ వస్తారు. 2024 మేలో పీర్జాదిగూడలో మొదలైన కేసులో రాచకొండ పోలీసులు పదిమందికి పైగా పసిపిల్లలను, కొనుక్కున్న ఇళ్ల నుంచి తీసుకెళ్లారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో సరోగసీ (అద్దెగర్భం) పేరుతో వేరేవాళ్ల బిడ్డను దంపతులకు అప్పగించారన్న కేసు బయటపడింది. డీఎన్‌ఏ పరీక్షలో బిడ్డ వాళ్లది కాదని తేలింది. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు జైలు శిక్ష. శిక్ష కన్నా నన్ను కలచివేసేది వేరే ఉంది: అమ్మా అని పిలవడం నేర్చుకున్న పిల్లను చేతుల్లోంచి తీసుకెళ్లిన ఆ క్షణం. చట్టబద్ధమైన దారిలో, ఇచ్చేసిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఎదురుచూపు ఎక్కువైందని విసుక్కునేటప్పుడు ఆ తల్లిని ఒకసారి గుర్తు చేసుకోండి.

మరిది రెండో పిల్లాడిని తీసుకోమని ఇంట్లో అంటున్నారని రాశారు. హిందువులకు 1956 నాటి దత్తత చట్టం కింద ఆ దారి ఉంది. అయితే తోడికోడళ్ల మధ్య ఆ బిడ్డ ఎవరిదన్న మాట ప్రతి పండక్కీ లేస్తుంది. కన్నతల్లి మనస్ఫూర్తిగా తానే ముందుకు వస్తే తప్ప నేను దాన్ని ప్రోత్సహించను.

గోత్రం, జాతకం గురించి అడిగారు. సంప్రదాయం ప్రకారం దత్తత వచ్చిన బిడ్డకు పెంచిన తండ్రి గోత్రమే. దత్త హోమం చేసుకోవాలనిపిస్తే చేసుకోండి, కానీ దత్తత చెల్లడానికి అది తప్పనిసరి కాదని ఆ 1956 చట్టమే చెబుతోంది. పుట్టిన సమయం తెలియని బిడ్డకు పేరు మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తారు. మా పురోహితులు అలాగే చేశారు, గుళ్లో అర్చనకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పుట్టువెంట్రుకల మొక్కు మాత్రం వెంటనే తీర్చకండి. హోముల్లో పేల భయంతో తరచూ జుట్టు కత్తిరించేస్తారు. కొత్త ఇంటికి రాగానే మళ్లీ కత్తి పట్టుకున్న మనిషి ఎదురైతే పిల్ల హడలిపోతుంది. స్వామి ఆగుతాడు.

బిడ్డ వచ్చిన మొదటి రెండు మూడు నెలలు బంధువులను దూరంగా ఉంచండి. ఇది హైదరాబాదులో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ చేయడం కష్టం, మన మర్యాదలకు ఇంకా కష్టం. అయినా అన్నం తినిపించడం, స్నానం, జోకొట్టడం మీరిద్దరే చేయండి. అత్తగారు ఎత్తుకోవచ్చు, ఆడించవచ్చు. సంస్థ నుంచి వచ్చిన దుప్పటి ఉంటే ఉతకకండి, ఆ వాసనే పిల్లకు తెలిసిన ఒకే ఒక్క వాసన. రొట్టె ముక్క దిండు కింద దాచుకుంటే తిట్టకండి. మంచం పక్కన ఒక డబ్బాలో బిస్కెట్లు పెట్టి, అవి తనవేనని చెప్పండి. ఏడవని పిల్లను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోవద్దు. ఏడిస్తే ఎవరూ రారని నేర్చుకున్న పిల్లలు అలా ఉంటారు. మీ దగ్గర ఏడవడం మొదలుపెడితే అది మంచి సూచన. మీలో మొదటి రోజే ప్రేమ పొంగకపోతే కంగారు పడకండి, సేవ చేస్తూ ఉండండి. చాలామంది తల్లులకు అది తర్వాతే వస్తుంది, కన్నతల్లులకు కూడా.

దత్తత అన్న మాట తొలిరోజు నుంచే ఇంట్లో మామూలు మాటగా వాడండి. "పెద్దయ్యాక చెబుతాం" అనే ఇళ్లలో పక్కింటివాళ్లో, పెళ్లిలో కలిసిన దూరపు చుట్టమో ముందే చెప్పేస్తారు. పద్దెనిమిది నిండాక పిల్ల తన మూలాల వివరాల కోసం స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ రోజు వస్తే మీరూ పక్కన నడవండి.

మీవారు ఇంకా ఊగిసలాడుతున్నారని చివర్లో రాశారు. ఆయన్ని తొందరపెట్టకండి, ఆయన "సరే" అనేవరకు ఫారం నింపకండి. ఈలోగా పాన్, ఆధార్, ఆదాయ పత్రాలు, మీ ఇద్దరి పుట్టిన తేదీ ధ్రువపత్రాలు సరిచూసుకోండి. మ్యారేజ్ సర్టిఫికెట్ లేకపోతే ముందు దానికి అప్లై చేయండి. చాలామంది అక్కడే ఆగిపోతారు.